వార్తల్లో పదం: ఎలక్ట్రానిక్ ఎయిర్ క్లీనర్

2023 జూన్‌లో కెనడా కార్చిచ్చు పొగ న్యూయార్క్ ఆకాశాన్ని నారింజ రంగులో ముంచేసింది. అలాంటి రోజుల్లో తలుపులు మూసుకున్నా సన్నని పొగ ఇంట్లోకి చొరబడుతుంది.

ఉత్తర అమెరికాలో చాలా ఇళ్లను, గాలిని వేడిచేసి గదులకు పంపే ఫర్నేస్ వెచ్చబరుస్తుంది. గదుల్లోని గాలి తిరిగి ఫర్నేస్‌కు చేరే గొట్టంలో, అలాంటి పొగను, ధూళిని పట్టేందుకు ఎలక్ట్రానిక్ ఎయిర్ క్లీనర్‌ను బిగిస్తారు. ముందున్న జాలీ వెంట్రుకలను, నూలుపోగులను ఆపుతుంది. వేల వోల్టుల తీగలు సన్నని ధూళికి విద్యుదావేశం ఇస్తే, వెనకున్న అల్యూమినియం పలకలు దాన్ని లాగి పట్టుకుంటాయి. గత శతాబ్దం మొదట్లో అమెరికా శాస్త్రవేత్త ఫ్రెడరిక్ కాట్రెల్ ఫ్యాక్టరీ పొగలను అదుపు చేయడానికి అభివృద్ధి చేసిన పద్ధతి ఇది. మన రామగుండం లాంటి బొగ్గు విద్యుత్ కేంద్రాల్లో బూడిదను పట్టేదీ ఈ సూత్రమే.

బిగించేటప్పుడు పలకలపై ఉన్న బాణం గాలి వెళ్లే వైపు చూడాలి. ఫర్నేస్ ఫ్యాన్ తిరిగేటప్పుడే క్లీనర్‌కు కరెంటు అందాలి. ఆ వైరింగ్ ఎలక్ట్రీషియన్ చేయాల్సిందే.

చాలామంది నిర్లక్ష్యం చేసేది శుభ్రతను. మురికి పేరుకున్న పలకలు ధూళిని సరిగా పట్టలేవు, చిటపటలాడతాయి. ఒకటి నుంచి మూడు నెలలకోసారి స్విచ్ ఆపి, కాసేపు ఆగి, వాటిని తీసి సబ్బునీళ్లలో నానబెట్టి కడగాలి. పూర్తిగా ఆరాకే తిరిగి పెట్టాలి. తీగలు తెగకుండా చూసుకోవాలి.

ఈ పరికరం కొద్దిగా ఓజోన్‌ను కూడా పుట్టిస్తుంది. ఆస్తమా ఉన్నవారికి అది మంచిది కాదు. అందుకే కాలిఫోర్నియా 0.050 పీపీఎం పరిమితి పెట్టింది. వాయువులను ఇది పట్టలేదు కాబట్టి, ఇంధనం మండించే ఫర్నేస్ ఉన్న ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం విడిగా ఉండి తీరాలి.