పాలకమండలి సమావేశ నోటీసు: గైర్హాజరైన సభ్యుని హక్కు

వ్యాస సంగ్రహం: బోర్డు సమావేశానికి ముందుగా నోటీసు ఇవ్వాలన్న నియమాన్ని కార్యాలయ లాంఛనంగా పరిగణించడం పరిపాటి. ఆ నియమం ప్రధానంగా సమావేశంలో లేని సభ్యుని హక్కును కాపాడుతుందని, అందువల్ల హాజరైనవారికి దానిని వదులుకొనే అధికారం లేదని సభా నియమావళి, కంపెనీ చట్టం, న్యాయస్థానాల తీర్పుల ఆధారంగా ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: నోటీసు, పాలకమండలి, ప్రత్యేక సమావేశం, తీర్మానం, ధ్రువీకరణ.

1. ఉపోద్ఘాతం

బోర్డు, పాలకమండలి, కార్యవర్గం – పేరు ఏదైనా, కొద్దిమంది సభ్యులు సంస్థ తరఫున నిర్ణయాలు తీసుకొనే వ్యవస్థ అది. ఉద్యోగుల నియామకం, తొలగింపు, ఆస్తుల క్రయవిక్రయాలు, సభ్యుల బహిష్కరణ వంటివి దాని తీర్మానాలపైనే ఆధారపడతాయి. అయితే సభ్యులు విడివిడిగా తెలిపిన అభిప్రాయాల మొత్తం బోర్డు నిర్ణయం కాదు. అందరికీ పాల్గొనే అవకాశం ఉన్న సమావేశంలో చర్చించి చేసినదే బోర్డు నిర్ణయమవుతుంది. ఆ అవకాశాన్ని కల్పించే సాధనమే నోటీసు.

2. సభా నియమావళిలో నోటీసు

హెన్రీ మార్టిన్ రాబర్ట్ 1876లో ప్రచురించిన నియమావళి, అనంతర ముద్రణలలో విస్తరించి, 'రాబర్ట్స్ రూల్స్ ఆఫ్ ఆర్డర్' పేరుతో అమెరికాలోని సంఘాలకు ప్రామాణికమైంది. దాని ప్రకారం తేదీలు ముందే నిర్ణయమై ఉన్న సాధారణ సమావేశాలకు, సంస్థ ఉపనిబంధనలు కోరితే తప్ప, ప్రతిసారీ నోటీసు అవసరం లేదు. ప్రత్యేక సమావేశానికి మాత్రం సభ్యులందరికీ నోటీసు అందాలి. చర్చించే విషయం అందులో ఉండాలి. నోటీసులో లేని విషయంపై చేసిన తీర్మానం చెల్లదు.

ఈ నియమావళిలోని మరొక సూత్రం ఇంకా ముఖ్యమైనది. గైర్హాజరైనవారి రక్షణకు ఉద్దేశించిన నియమాన్ని హాజరైనవారు ఏకగ్రీవంగానైనా పక్కన పెట్టలేరు. హక్కు ఎవరిదో వారు అక్కడ లేనప్పుడు, ఇతరులు దానిని వదులుకోవడం కుదరదు.

3. భారత కంపెనీ చట్టం

2013 నాటి కంపెనీల చట్టంలోని 173(3) సెక్షన్ ప్రకారం బోర్డు సమావేశానికి కనీసం 7 రోజుల ముందు ప్రతి డైరెక్టరుకూ, కంపెనీలో నమోదైన అతని చిరునామాకు, లిఖితపూర్వక నోటీసు పంపాలి. స్వయంగా అందించవచ్చు; తపాలా ద్వారా గాని, ఎలక్ట్రానిక్ మాధ్యమం ద్వారా గాని పంపవచ్చు. అత్యవసర విషయాలకు తక్కువ వ్యవధితో సమావేశం జరపవచ్చు. కాని స్వతంత్ర డైరెక్టర్లు ఉన్న కంపెనీలో వారిలో కనీసం ఒకరు హాజరు కావాలి. ఎవరూ రాకపోతే నిర్ణయాలను డైరెక్టర్లందరికీ పంపాలి. కనీసం ఒక స్వతంత్ర డైరెక్టరు ధ్రువీకరించిన తరువాతనే అవి అంతిమమవుతాయి. నోటీసు ఇవ్వవలసిన అధికారి విఫలుడైతే 173(4) సెక్షన్ కింద 25,000 రూపాయల జరిమానాకు గురవుతాడు.

చట్టం ఇక్కడ వ్యవధిని తగ్గించడానికి అంగీకరించింది గాని, ఏ డైరెక్టరునైనా విస్మరించడానికి అంగీకరించలేదన్నది గమనార్హం.

4. న్యాయస్థానాల దృష్టి

నోటీసు లోపాలు మూడు విధాలు: ఒక సభ్యునికి అసలు నోటీసు ఇవ్వకపోవడం, విషయాన్ని స్పష్టంగా పేర్కొనకపోవడం, వ్యవధి చాలకపోవడం. వీటి ఫలితాలు ఒకే రకంగా ఉండవు.

మొదటి రెండు లోపాలకూ ఇంగ్లండులో 1920లో తీర్పు వెలువడిన 'యంగ్ వర్సెస్ లేడీస్ ఇంపీరియల్ క్లబ్' కేసు ఉదాహరణ. క్లబ్బు కమిటీ ఒక సభ్యురాలిని బహిష్కరించింది. తాను రాలేనని ముందే చెప్పిన ఒక కమిటీ సభ్యురాలికి నోటీసు పంపలేదు. అప్పీలు న్యాయస్థానం బహిష్కరణ చెల్లదని తీర్పు చెప్పింది. రానన్నవారు కూడా, విషయం తెలిస్తే, మనసు మార్చుకోవచ్చు. బహిష్కరణ ఉద్దేశం నోటీసులో తగినంత స్పష్టంగా లేకపోవడాన్ని కూడా న్యాయస్థానం లోపంగానే ఎంచింది.

మన సుప్రీంకోర్టు 1973లో 'పరమేశ్వరీ ప్రసాద్ గుప్తా వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా' కేసులో ఇదే సూత్రాన్ని పాటించింది. 1953 డిసెంబరులో ఒక కంపెనీ బోర్డు తన జనరల్ మేనేజరును తొలగించింది. ఆ సమావేశానికి ఒక డైరెక్టరుకు నోటీసు ఇవ్వలేదు కనుక తీర్మానం చెల్లదని న్యాయస్థానం నిర్ధారించింది. అయితే కొద్దిరోజులకే సక్రమంగా జరిగిన మరొక సమావేశంలో బోర్డు ఆ చర్యను ధ్రువీకరించడం వల్ల తొలగింపు నిలిచింది. అంటే నోటీసు లోపం తీర్మానాన్ని దెబ్బతీస్తుంది గాని, బోర్డు అధికారాన్ని హరించదు.

మూడవ లోపం విషయంలో న్యాయస్థానం కొంత సడలింపు చూపింది. 'కె. నరసింహయ్య వర్సెస్ హెచ్.సి. సింగ్రిగౌడ' కేసు (ఏఐఆర్ 1966 సుప్రీంకోర్టు 330) మైసూరు పురపాలక చట్టానికి సంబంధించినది. అధ్యక్షునిపై అవిశ్వాస తీర్మానానికి 3 పూర్తి రోజుల నోటీసు ఇవ్వాలని ఆ చట్టం చెప్పేది. వ్యవధి కొంత తగ్గినా, సమావేశ కార్యక్రమానికి హాని జరగలేదు కనుక తీర్మానం చెల్లుతుందని సుప్రీంకోర్టు పేర్కొంది. నోటీసు అందజేతలోని లోపాలను అటువంటి సందర్భాలలో మన్నించే నిబంధన ఆ చట్టంలోనే ఉండేది. కనుక ఈ తీర్పును అన్ని సంస్థలకూ యథాతథంగా వర్తింపజేయరాదు. సంస్థకు వర్తించే చట్టమూ, దాని ఉపనిబంధనలూ ముందుగా పరిశీలించదగినవి.

5. ముగింపు

వ్యవధి లోపించినప్పుడు హాని జరిగిందా అన్న ప్రశ్నకు తావుంటుంది. సభ్యునికి నోటీసే లేనప్పుడు ఆ ప్రశ్నకు సమాధానం చెప్పడం కష్టం. అతడు వచ్చి ఉంటే చర్చ ఏ మలుపు తిరిగేదో ఎవరూ నిరూపించలేరు. మెజారిటీ ఎలాగూ ఉందన్న వాదం నిలవకపోవడానికి కారణం ఇదే. వ్యతిరేకిస్తాడనుకొన్న సభ్యుని, రానన్న సభ్యుని కూడా పిలవడం, విషయాన్ని స్పష్టంగా రాయడం, నోటీసు పంపిన ఆధారాన్ని భద్రపరచడం బోర్డు బాధ్యతలు. లోపం బయటపడితే దానిని సమర్థించుకోవడం కంటే, అందరినీ పిలిచి ఆ విషయాన్ని తిరిగి చర్చించడమే సరైన మార్గం.