పొలం అమ్మకానికి పెట్టారా? దళారికీ, కౌలుదారుకీ నోటీసు తప్పనిసరి

చిల్లకల్లు: హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారికి దగ్గర్లో పొలం ఉన్న ఆసామికి ఇద్దరితో పేచీ వస్తుంటుంది. ఒకరు, పొలం అమ్మిపెడతానని కాగితం రాయించుకున్న దళారి. రెండోవారు, ఆ పొలాన్నే కౌలుకు చేస్తున్న రైతు. ఆసామి మనసు మారితే దళారిని తప్పించాలి. బేరం కుదిరితే కౌలుదారు చేత ఖాళీ చేయించాలి. రెండు పనులూ నోటిమాటతో అయిపోతాయనుకోవడంలోనే చిక్కంతా ఉంది.

ముందు దళారి సంగతి. ఎకరం ఇంతకు అమ్మిపెడితే ఇంత శాతం అని రాసుకోవడం మామూలే. 1872 నాటి కాంట్రాక్టు చట్టం దీన్ని ఏజెన్సీ అంటుంది. ఆ అధికారంతో పని జరగకముందు దాన్ని ఆసామి వెనక్కి తీసుకోవచ్చునని 203వ సెక్షన్ చెబుతోంది. "కాగితంలో ఏడాది గడువుంది, నన్ను తీసేయడానికి వీల్లేదు" అనే దళారి మాట సగమే నిజం. తీసేయవచ్చు. అయితే తగిన కారణం లేకుండా గడువుకు ముందే తీసేసినా, ముందస్తు నోటీసు ఇవ్వకపోయినా నష్టపరిహారం చెల్లించాల్సి రావచ్చు. దళారి చూపించిన మనిషికే, దళారిని తప్పించిన మర్నాడు పొలం అమ్మితే కమీషన్ తగాదా ఎలాగూ తప్పదు. అది న్యాయం కూడా కాదు.

రద్దు అనేది దళారికి తెలిసినప్పటి నుంచి అతని పట్ల, బయటివారికి తెలిసినప్పటి నుంచి వారి పట్ల అమల్లోకి వస్తుంది. ఈ రెండో మాటను చాలామంది పట్టించుకోరు. టీ కొట్టు దగ్గర "ఇక నువ్వు చూడొద్దులే" అని చెప్పి, కాగితం అతని దగ్గరే వదిలేస్తారు. ఆ కాగితం చూసి ఎవరో బజానా ఇస్తే, తగాదా ఆసామి గుమ్మంలోకే వస్తుంది. కనుక రసీదు వచ్చేలా పోస్టులో నోటీసు పంపాలి. అసలు కాగితం వెనక్కి తీసుకోవాలి. రిజిస్టరైన పవరాఫ్ అటార్నీ అయితే రద్దు పత్రాన్ని కూడా సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో రిజిస్టరు చేయించాలి.

ఒక్క చోట మాత్రం జాగ్రత్త. దళారి అప్పు ఇచ్చి, ఆ అప్పు రాబట్టుకోవడానికే పొలం అమ్మే అధికారం రాయించుకుని ఉంటే, ఆసామి ఒక్కడే దాన్ని రద్దు చేయడం కుదరదు. పెళ్లికో, ఆసుపత్రికో డబ్బు తీసుకుని పవరు రాసిచ్చేవారు ఇది ముందే ఆలోచించుకోవాలి. అయితే ఉత్త పవరు పత్రంతో పొలం హక్కు చేతులు మారదని సుప్రీంకోర్టు 2011లో తేల్చి చెప్పింది.

ఇక కౌలు. జగ్గయ్యపేట, నందిగామ మెట్టలో మిరప, పత్తి వేసేవారిలో కౌలుదారులు తక్కువేమీ కాదు. 1956 నాటి ఆంధ్ర ప్రాంత కౌలు చట్టం కౌలుకు కనీసం 6 ఏళ్ల గడువు పెట్టింది. రైతును కాపాడాలన్నది దాని ఉద్దేశం. జరిగింది వేరు. రాసిస్తే పొలం చేజారుతుందన్న భయంతో ఖామందులు రాయడమే మానేశారు. 2011లో రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది. 2019లో ఆ రెండు చట్టాలనూ రద్దు చేస్తూ పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చారు. దీని కింద 11 నెలలకు మించకుండా ఒప్పందం రాసుకుంటారు. కౌలుదారుకు పంట రుణం, బీమా, నష్టపరిహారం వంటివి పొందే హక్కు పంట మీదే ఉంటుంది. భూమి మీద ఏ హక్కూ రాదు. సంతకం పెడితే పొలం పోతుందన్న భయానికి ఈ చట్టంలో చోటు లేదు. అయినా సంతకం పెట్టడానికి వెనకాడే యజమానులు ఉన్నారు.

కాగితం లేని కౌలును ముగించడమెలా? 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ సేద్యపు కౌలుకు 6 నెలల నోటీసు అంటుంది. అదే చట్టం 117వ సెక్షన్, ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప సేద్యపు కౌళ్లకు ఆ అధ్యాయం వర్తించదంటుంది. ప్లీడర్ల వాదన సాగేది ఇక్కడే. ఏమైనా 6 నెలల ముందు రాతపూర్వకంగా చెప్పడమే క్షేమం. మిరప నాటాక, కోతలు మిగిలి ఉండగా ఖాళీ చేయమనడం మాత్రం ఏ విధంగానూ తగదు. నారు, ఎరువు, కూలి అన్నీ కౌలుదారు పెట్టుబడే. వేసిన పంటను కోసుకుపోనివ్వాలన్నది పాత సూత్రమే.

గడువు తీరిపోయింది గదా అని ట్రాక్టరు తోలి దున్నించడం, గట్టున ముళ్లకంప వేయించడం అన్నిటికన్నా ప్రమాదం. 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షన్ ప్రకారం, తన ఇష్టం లేకుండా, చట్టప్రకారం కాకుండా స్వాధీనం పోగొట్టుకున్న మనిషి 6 నెలల లోపు దావా వేసి దాన్ని తిరిగి పొందవచ్చు. అక్కడ పట్టా ఎవరిదన్న ప్రశ్నే రాదు. పాసు పుస్తకం పట్టుకుని కోర్టుకు వెళ్లిన ఆసామి ఓడిపోయేది ఇలాంటి దావాలోనే. కౌలుదారు ఆ 6 నెలలూ పెద్దమనుషుల చుట్టూ తిరుగుతూ గడిపేస్తే ఈ దారి మూసుకుపోతుంది.

ఖర్చుకు జంకేవారికి 1987 నాటి న్యాయసేవల చట్టం ఉంది. స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా ప్లీడరును పెడతారు. కోర్టు ఆవరణలోని న్యాయసేవా కమిటీలో అర్జీ పెట్టుకోవాలి. కౌలు సొమ్ము ఇచ్చిన రసీదులు, ఎరువుల బిల్లులు, మిరప అమ్మిన చీటీలు ఉంటే వెంట తీసుకెళ్లాలి. కాగితం రాసుకోని కౌలుకు అవే సాక్ష్యం.