తేలికపాటి సరుకు ఆన్‌లైన్‌లో అమ్మేవారు పంపిణీ ఖర్చు తగ్గించుకోవడం ఎలా?

కుల్కచర్ల మండలంలో కంది, పత్తి, మొక్కజొన్న సాగుతో పాటు ఇంటి దగ్గర మునగాకు పొడి, కరివేపాకు పొడి, కారం, కందిపొడి తయారుచేసి వాట్సాప్ ద్వారా అమ్మే మహిళా సంఘాలు ఇప్పుడు అక్కడక్కడా కనిపిస్తున్నాయి. సరుకు బాగుంటోంది, ఆర్డర్లూ వస్తున్నాయి. డబ్బు పోతున్నది మాత్రం పంపించే దగ్గర.

ఈ మధ్య ఒక సంఘం అక్కచెల్లెళ్లు తమ లెక్కల పుస్తకం తెచ్చి చూపించారు. మునగాకు పొడి 250 గ్రాముల ప్యాకెట్ 150 రూపాయలు, పోస్టు ఖర్చు మాదే అని ప్రకటించారు. విశాఖపట్నం వెళ్లిన ఒక ప్యాకెట్‌కు పోస్టాఫీసులో 96 రూపాయల 76 పైసలు అయింది. మిగిలిన 53 రూపాయల్లోనే ఆకు, ఎండబెట్టిన కూలి, మిల్లు, పౌచ్, లేబుల్ అన్నీ రావాలి. నెలకు ఆర్డర్లు రెట్టింపైనా చేతికి ఏమీ మిగలడం లేదని వారి బాధ. తప్పు ధరలో లేదు. పౌచ్, కవరు కలిపి తూకం వేస్తే ఆ ప్యాకెట్ 275 గ్రాములు తూగింది. అదనంగా ఉన్న ఆ 25 గ్రాములే దాన్ని పై శ్లాబులోకి నెట్టాయి.

శ్లాబు అంటే ఏమిటి?

పోస్టాఫీసు గ్రాముల లెక్కన కాక, మెట్ల లెక్కన డబ్బు తీసుకుంటుంది. 1 అక్టోబరు 2025 నుంచి అమలులో ఉన్న స్పీడ్ పోస్టు డాక్యుమెంట్ రేట్లలో 50 గ్రాముల వరకు ఒక మెట్టు, 51 నుంచి 250 వరకు ఇంకొకటి, 251 నుంచి 500 వరకు మరొకటి. 200 కిలోమీటర్ల లోపు, అంటే మనకు హైదరాబాద్‌కు, 250 గ్రాముల వరకు 59 రూపాయలు, 500 వరకు 70. విజయవాడ వంటి 201 నుంచి 500 కిలోమీటర్ల దూరానికి 63, 75. విశాఖ, చెన్నై వంటి 501 నుంచి 1000 కిలోమీటర్ల దూరానికి 68, 82. ఢిల్లీకి 72, 86. వీటిపై 18 శాతం జీఎస్టీ అదనం.

ఈ అంకెలను ఒకసారి నిదానంగా చూడండి. హైదరాబాద్‌కూ ఢిల్లీకీ 250 గ్రాముల మెట్టులో తేడా 13 రూపాయలే. కాబట్టి దూరపు ఆర్డర్ వచ్చిందని భయపడనక్కర్లేదు. అసలు భారం మొదటి మెట్టు ఎక్కడమే. అది ఎక్కాక లోపల ఎంత ఎక్కువ సరుకు పెడితే అంత లాభం. విశాఖకు 82 రూపాయల మెట్టులో, జీఎస్టీతో 96 రూపాయల 76 పైసలకు, ఆ సంఘం 250 గ్రాములు పంపింది. అదే డబ్బుకు 400 గ్రాములు వెళ్లేవి.

అందుకే పొడులకు 200 గ్రాముల ప్యాకెట్ పెట్టుకోమని నా సలహా. పౌచ్, కవరు కలిపి 225 గ్రాముల లోపే ఉంటుంది కనుక ఒక్కటి పంపితే 250 మెట్టులో సరిపోతుంది. రెండు కలిపి పంపినా 450 లోపే, 500 మెట్టులో సరిపోతుంది. 250 గ్రాముల ప్యాకెట్‌కు ఈ రెండు సౌకర్యాలూ లేవు. ఒక్కటైనా మెట్టు దాటుతుంది, రెండైనా దాటుతుంది. అంగట్లో పావు కిలో అడగడం మనకు అలవాటు, నిజమే. కానీ పోస్టులో పావు కిలో అంత ఖరీదైన తూకం ఇంకొకటి లేదు. 200 గ్రాములు 120 రూపాయలకు పెట్టి, రెండు తీసుకునేవారికే పోస్టు ఖర్చు ఉచితం అని చెప్పండి. 240 రూపాయల్లో విశాఖ ఖర్చు పోను 143 రూపాయలు మిగులుతాయి. ఒకటే కావాలన్నవారి దగ్గర పోస్టు ఖర్చు విడిగా తీసుకోండి.

లేబుళ్లు అచ్చు వేయించక ముందే నిండిన ప్యాకెట్‌ను కవరు, టేపు, చిరునామా కాగితంతో సహా డిజిటల్ త్రాసు మీద పెట్టి చూడాలి. ఇంకో మాట. పైన చెప్పినవి డాక్యుమెంట్ రేట్లు. ఉబ్బెత్తుగా, డబ్బాలా ఉన్నది పార్సిల్ కింద పోతుంది, ఆ రేటు వేరు. పొడిని పౌచ్‌లో పలుచగా పరిచి సీల్ వేయండి. ఒక నమూనా కవరు పట్టుకుని పోస్టాఫీసుకు వెళ్లి, ఇది ఏ రేటుకు వెళ్తుందని అడిగాకే మీ ధర ప్రకటించండి. రిజిస్టర్డ్ పోస్టు కావాలని ఇంకా కొందరు అడుగుతున్నారు. అది స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. చిరునామాదారుకే ఇవ్వాలనుకుంటే 5 రూపాయలు, జీఎస్టీ అదనంగా కట్టి రిజిస్ట్రేషన్ తీసుకోవచ్చు. ఓటీపీ చెబితేనే ఇచ్చే సౌకర్యానికీ అంతే.

ప్రైవేటు కొరియర్, ఆర్టీసీ

షిప్‌రాకెట్ వంటి వేదికల్లో, చాలా కొరియర్లలో లెక్క 500 గ్రాముల నుంచే మొదలవుతుంది. 200 గ్రాములు పంపినా అర కిలో డబ్బు కట్టాలి. అర కిలో దాటిన సరుకుకైతే అవి చూడదగినవే. ముందు మీ గ్రామం పిన్‌కోడ్‌కు ఇంటికొచ్చి తీసుకెళ్లే సౌకర్యం ఉందో లేదో చూసుకోండి. పరిగి దాకా మీరే మోసుకెళ్లాల్సి వస్తే ఆ ఆటో ఛార్జీ కూడా ఖర్చులోనే రాయాలి.

అట్టపెట్టెల విషయంలో జాగ్రత్త. కొరియర్ సంస్థలు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి సాధారణంగా 5000తో భాగిస్తాయి. వచ్చినది అసలు బరువు కన్నా ఎక్కువైతే దానికే డబ్బు. 25, 20, 15 సెంటీమీటర్ల పెట్టె కిలోన్నర కింద లెక్క. అందులో ఉన్నది 300 గ్రాముల ఎండు మునగాకే అయినా సరే. ఆకుగా కాక పొడి చేసి పంపమనేది ఇందుకే.

సరుకు అందాక డబ్బు ఇచ్చే పద్ధతికి కొత్తవారు ఒప్పుకోవద్దు. కొనేవారు తీసుకోకపోతే పోను, రాను రెండు ఛార్జీలూ మీ మీదే పడతాయి. ఒకరు ఇలా ఒకే వారంలో నాలుగు ప్యాకెట్లు వెనక్కి వచ్చి, ఆ నెల లాభమంతా పోగొట్టుకున్నారు. యూపీఐలో డబ్బు వచ్చాకే బుక్ చేసి, రసీదు ఫొటో పంపండి. చిరునామాలో పిన్‌కోడ్, ఫోన్ నంబరు తప్పనిసరి.

కందిపప్పు ఐదు, పది కిలోలు హైదరాబాద్‌కు పంపేవారికి పోస్టు కన్నా ఆర్టీసీ లాజిస్టిక్స్ మేలు. పరిగి, తాండూరు, వికారాబాద్ డిపోల్లో బుకింగ్ వేళలు కనుక్కోండి. కొనేవారు బస్టాండుకు వచ్చి తీసుకోవాలని ముందే చెప్పాలి. పది ఆర్డర్లు ఒకే సంచిలో వేసి, నగరంలో ఉన్న మన ఊరివారి ద్వారా పంచితే ఇంకా చవక. అన్నట్టు, తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అధీకృత వినియోగదారుగా నమోదు కాకుండా ఆ పేరు ప్యాకెట్ మీద వేయకూడదు.

తినే సరుకు ఏదైనా ఎఫ్ఎస్ఎస్ఏఐ నమోదు నంబరు, నికర బరువు, తయారీ తేదీ, ధర లేబుల్ మీద ఉండాలి. వానాకాలంలో పొడిని రెండు పౌచ్‌లలో వేసి సీల్ చేయండి. తేమ తగిలితే గడ్డకట్టి, డబ్బు వాపసు ఇవ్వాల్సి వస్తుంది.

నాటు విత్తనాలు అత్యంత తేలిక సరుకు. 50 గ్రాముల మెట్టులోనే హైదరాబాద్‌కైనా ఢిల్లీకైనా 47 రూపాయలు, జీఎస్టీ అదనం. మీరు పండించిన విత్తనం అమ్ముకునే హక్కు 2001 నాటి మొక్కల రకాల రక్షణ చట్టంలో రైతుకు ఉంది, కానీ రక్షిత రకాన్ని బ్రాండు పేరుతో అమ్మడానికి వీల్లేదు. ఇతరుల దగ్గర కొని అమ్మితే అది వ్యాపారం, దానికి విత్తన లైసెన్సు కావాలి. విదేశాల్లో ఉన్న మనవారు విత్తనాలు అడిగితే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా కవరులో పెట్టి పంపవద్దు.