పొడుగు రైతుకు సరిపోయే బండి: కొనేముందు, కొన్నాక చూసుకోవాల్సినవి

గార్ల మండలంలో మిర్చి, పత్తి చేలకు స్ప్రేయరు, యూరియా బస్తా చేరేది ఎక్కువగా బండి మీదే. ఆరడుగుల రైతు చిన్న బండి ఎక్కితే మోకాళ్లు హ్యాండిల్‌కు తగులుతాయి. రోడ్డు మీద ఇది పెద్దగా తెలియదు. పొలం బాటలో ఒక్కసారిగా తిప్పాల్సి వచ్చినప్పుడే ఇబ్బంది. నేనూ పొడగరినే, అలాగే ఒకసారి కాలువ గట్టు మీద పడ్డాను.

కొనేముందు బండి మీద కూర్చొని, రెండు పాదాలూ ఫుట్‌రెస్టుల మీద పెట్టి, హ్యాండిల్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పండి. మోకాలు తగిలితే ఆ బండి వద్దు. సీటు ఎత్తు కూడా చూడండి. స్ప్లెండర్ ప్లస్‌కు 785 మి.మీ., హెచ్ఎఫ్ డీలక్స్‌కు 805 మి.మీ. ఉంటుంది. కానీ మోకాళ్ల నొప్పికి అసలు కారణం సీటుకూ ఫుట్‌రెస్టుకూ మధ్య దూరం చాలకపోవడం.

ఉన్న బండికైతే సీటు మీద ఒకటిన్నర అంగుళం గట్టి ఫోమ్ వేయించండి, ఖర్చు తక్కువ. మెత్తటి స్పాంజి నాలుగు రోజుల్లో అణిగిపోతుంది. హ్యాండిల్ బోల్టులు వదులు చేసి కొద్దిగా పైకి తిప్పించుకోవచ్చు. ఆ తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేసి, న్యూట్రల్‌లోనే ఉంచి హ్యాండిల్ రెండు వైపులా తిప్పండి. శబ్దం పెరిగితే యాక్సిలరేటర్ కేబుల్ లాగుతోందని అర్థం, సరిచేయించే దాకా నడపొద్దు. వెనుక పొడవాటి షాకబ్జార్బర్లు మాత్రం వేయించొద్దు. చైన్ బిగువు మారుతుంది, సైడ్ స్టాండ్ వేస్తే బండి మరీ వాలుతుంది.

45 కిలోల యూరియా బస్తాను ట్యాంకు మీద పెట్టుకోవద్దు. పొడుగు మనిషికి అక్కడ అసలే చోటు తక్కువ, కాలు బ్రేకు మీదికి రావడం ఆలస్యమవుతుంది. వెనుక సీటు మీద తాడుతో గట్టిగా కట్టి, షాకబ్జార్బర్ల బిగువు ఒకటి రెండు మెట్లు పెంచించండి.