కీళ్ళనొప్పులు – విమానయోగ్యత

కాజీపేట నుంచి నాగపూరు పోయే రైలులో బల్హార్షా, చంద్రపూరు దాటినాక వచ్చే వరోరా మన కుటుంబాలకు కొత్త వూరు కాదు. బాబా ఆమ్టేగారి ఆనందవనం 1951లో ఆరంభమైంది ఆ వూరి పక్కనే. వారికి వెన్నుపూసల అరుగుదల ముదిరి, కూర్చోవటమనేది వల్లకాకుండా పోయింది. నిలబడాలి, లేదా పడుకోవాలి. అయినా 1985లో కన్యాకుమారి నుంచి కాశ్మీరుకు బయలుదేరిన భారత్ జోడో యాత్రను వారే నడిపించారు. ఈ మనిషి దేనికీ పనికిరాడని రాసియివ్వగల వైద్యుడెవరు?

అయితే ఆయనకు విమానం నడిపే యోగ్యతాపత్రం మాత్రం ఎవరూ ఇవ్వరు. ఆ సీటులో గంటల తరబడి కూర్చోవాలి గదా! మన పిల్లలు పైలట్లవుతున్న రోజులివి. ఈ భేదం తెలుసుకోదగినదే.

పరీక్షించే డాక్టరు జబ్బు పేరు చూసి ఊరుకోడు. మెడ రెండు పక్కలా తిరుగుతుందా, పాదాలు పెడళ్ళను పూర్తిగా తొక్కగలవా, వేళ్ళు మీటలను పట్టగలవా, మంటలు లేస్తే చటుక్కున లేచి బయటపడగలడా – ఇవీ ఆయన ప్రశ్నలు. కీళ్ళవాతంలో ఒక రకానికి పొద్దున్నే కీళ్ళు బిగుసుకుపోయే గుణం వున్నది. తెల్లవారుజామున ఎగరవలసిన వానికి అది చిన్న సంగతి కాదు. రెండు కాళ్ళూ పోగొట్టుకున్న డగ్లస్ బాడర్‌ను 1939లో బ్రిటిషు వాయుసేన విమానం నడిపించి చూసి, మళ్ళీ చేర్చుకున్నది.

ఇక మందులు. అమెరికాలో కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్ వాడేవారిని, జబ్బు అదుపులో వుంటే, ఎగరనిస్తారు. హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడితే కంటి పరీక్ష కూడా కావాలి. ఆ మందు కంటి లోపలి పొరను దెబ్బతీయవచ్చు. నల్లమందు జాతి నొప్పిమాత్రలు మింగుతూ ఎగరటానికి వీలులేదు.

అంతర్జాతీయ నిబంధన ప్రకారం ప్రయాణీకుల విమానాలు నడిపేవారికి ఈ పరీక్ష ఏడాదికొకసారి. 60 దాటితే ఆరు నెలలకే. రెండు పరీక్షల నడుమ ఒళ్ళు సరిగా లేదని తనకు తెలిస్తే పైలటు తానే విమానం ఎక్కకుండా వుండాలి. మాకు భయం ఇక్కడే. జీతం పోతుందని, అప్పుల వాయిదాలు ఆగుతాయని నొప్పిని ఇంట్లోవారికి కూడా చెప్పకుండా దుకాణం మాత్రలతో నెట్టుకొచ్చే మనుషులు ఏ ఉద్యోగంలోనూ తక్కువ లేరు. కొంతకాలం ఆపినంత మాత్రాన లైసెన్సు శాశ్వతంగా పోయినట్లు కాదు. మందు కుదిరి, కీళ్ళు సాగితే మళ్ళీ పరీక్ష చేసి పంపవచ్చు. అప్పుడు ఎక్స్‌రేలు, మందుచీటీలు, కీళ్ళ వైద్యుని అభిప్రాయం వెంట పట్టుకుపోవాలి. వాటిని ఇంట్లో ఎవరైనా ఒకచోట భద్రపరిస్తే మేలు. ఆ పని పైలట్లకు తోచేది కాదు.