పంట చేలలోకి వన్యప్రాణులు – చట్టం ఏమి చెబుతున్నది?

అడవులను ఆనుకొని ఉన్న గ్రామాలలో పంట చేతికొచ్చే వేళ రైతుకు కంటి మీద కునుకుండదు. వేరుశనగ, మొక్కజొన్న చేలను అడవి పందులు రాత్రికి రాత్రే నాశనం చేస్తాయి. చిత్తూరు, పార్వతీపురం మన్యం జిల్లాలలో ఏనుగుల బెడద దీనికి తోడు. "నా పొలంలో చొరబడిన జంతువును చంపే హక్కు నాకు లేదా?" అని రైతు ప్రశ్నించడం సహజమే. దీనికి చట్టం ఇచ్చే సమాధానం ప్రతి రైతు తెలుసుకొనవలసి ఉన్నది.

అక్రమ ప్రవేశం ఎవరిది?

2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 329వ సెక్షన్ ప్రకారం, నేరం చేసే ఉద్దేశంతో గాని, స్వాధీనదారుని బెదిరించే, అవమానించే, వేధించే ఉద్దేశంతో గాని ఇతరుల ఆస్తిలో ప్రవేశించడం నేరపూరిత అక్రమ ప్రవేశం. దీనికి 3 నెలల వరకు జైలు, 5 వేల రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చును. నేర ఉద్దేశం మనిషికే గాని మూగజీవికి ఉండదు. కనుక ఈ సెక్షన్ జంతువుకు వర్తించదు. వేట కోసం ఇతరుల పొలంలో దూరి ఉచ్చులు పన్నేవారికి వర్తిస్తుంది.

సొంత పొలమైనా వేట నేరమే

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని 9వ సెక్షన్ వేటను నిషేధించింది. చంపడమే కాదు, విషం పెట్టడం, ఉచ్చు పన్నడం, అందుకు ప్రయత్నించడం కూడా వేటే. ఏనుగు, చిరుత, ఎలుగుబంటి వంటి మొదటి షెడ్యూల్ జంతువుల విషయంలో 3 నుండి 7 సంవత్సరాల జైలు, 25 వేల రూపాయలకు తగ్గని జరిమానా విధిస్తారు.

చేను చుట్టూ అక్రమంగా కరెంటు తీగ అమర్చడం మరింత ప్రమాదకరం. అది పందికి, పొరుగు రైతుకు తేడా ఎరుగదు. తెల్లవారుజామున నీరు పెట్టడానికి వచ్చిన మనిషి దానికి బలైతే, తీగ అమర్చిన వ్యక్తి ప్రాణనష్టానికి కారకుడిగా శిక్షార్హుడవుతాడు. దొంగచాటుగా విద్యుత్తు వాడినందుకు విద్యుత్ చట్టం, 2003 కింద మరో కేసు తప్పదు.

రైతుకున్న మార్గాలు

ఆత్మరక్షణకు, ఇతరుల ప్రాణరక్షణకు సద్భావంతో జంతువును చంపడం లేదా గాయపరచడం 11వ సెక్షన్ ప్రకారం నేరం కాదు. పంట రక్షణకు ఈ మినహాయింపు లేదు. అయితే అడవి పంది వంటి రెండవ షెడ్యూల్ జంతువులు నిలిచి ఉన్న పంటకు ప్రమాదకరంగా మారినపుడు, చీఫ్ వైల్డ్ లైఫ్ వార్డెన్ లేదా అధీకృత అధికారి కారణాలను నమోదు చేసి, వాటి వేటకు లిఖితపూర్వక అనుమతి ఇవ్వవచ్చును.

పంట నష్టం జరిగిన వెంటనే అటవీ, రెవెన్యూ సిబ్బందికి తెలిపి, నష్టాన్ని నమోదు చేయించి, పరిహారానికి దరఖాస్తు చేసుకొనవలెను. అటవీ సిబ్బంది వచ్చేలోగా ఏనుగుల గుంపును తరమడం, చుట్టుముట్టడం చేయరాదు.

పంట పోతే మరో కారుకు వేసుకొనవచ్చును, పోయిన ప్రాణం తిరిగి రాదు. రైతులు కరెంటు తీగలను విడనాడి, చట్టబద్ధమైన మార్గాలను వినియోగించుకొనవలసినదిగా విజ్ఞప్తి.