చెరకులో రెల్లు వాటా

చెరకు రైతు గట్టు మీద రెల్లును కలుపుగానే చూస్తాడు. అతను పండించే చెరకుకు మాత్రం ఆ గడ్డి తాతముత్తాతల్లో ఒకటి.

తీపి నిండిన అసలు చెరకు (సకారమ్ అఫిసినారమ్) న్యూగినీ ప్రాంతానిది. గడ లావు, పీచు తక్కువ, రసం ఎక్కువ. కానీ చలికి, నీటి ఎద్దడికి, తెగుళ్ళకు తట్టుకోలేదు. రెల్లు (సకారమ్ స్పాంటేనియమ్) గడలో పీచే తప్ప చక్కెర అంతంతమాత్రం. అయినా ఏ నేలలోనైనా బతుకుతుంది, కోసినకొద్దీ పిలకలు వేస్తుంది.

1912లో కోయంబత్తూరులో చెరకు ప్రజనన కేంద్రం మొదలైంది. ఉత్తరాది చలికి తట్టుకునే చెరకు కావాలి. శాస్త్రవేత్తలు బార్బర్, వెంకట్రామన్ అక్కడ ‘వెల్లై’ అనే లావు చెరకును స్థానిక రెల్లుతో సంకరం చేశారు. అలా వచ్చిన కో 205 రకం 1918లో పంజాబు పొలాలకు చేరింది. నేటికీ రకాల పేర్లలో కనిపించే ‘కో’ అంటే కోయంబత్తూరే.

అసలు విశేషం క్రోమోజోముల లెక్కలో ఉంది. అఫిసినారమ్‌కు 80, కోయంబత్తూరు రెల్లుకు 64. బిడ్డకు చెరో సగం వస్తే 40, 32 కలిసి 72 కావాలి. కో 205లో 112 ఉన్నాయి. అంటే తల్లి అయిన వెల్లై సగం కాక, తన 80నీ ఇచ్చేసింది. రెల్లు మాత్రం సగమే ఇచ్చింది. జావాలో బ్రెమర్ అనే శాస్త్రవేత్త 1920లలో ఈ తీరును గుర్తించాడు. పుట్టిన సంకరాన్ని మళ్ళీ తీపి చెరకు తల్లితో కలిపినా ఇదే జరుగుతుంది. అందుకే కొద్ది తరాల్లోనే తీపి తిరిగి వచ్చింది, రెల్లు మొండితనమూ మిగిలింది. ఇంత అనుకూలమైన ఏర్పాటు పంటమొక్కల్లో చాలా అరుదు.

జావాలో ఇదే దారిలో 1921లో పీఓజే 2878 వచ్చింది. అందులోని రెల్లు అంశ ‘కస్సోయర్’ అనే సహజ సంకరం నుంచి అందింది. ఆ జావా రకాన్ని కో 290తో కలిపితే పుట్టినదే కో 419. దక్షిణాదిన ఎన్నో ఏళ్ళు పొలాలను ఏలిన రకమది.

ఇప్పటి రకాల్లో వంద దాటిన క్రోమోజోములున్నాయి. వాటిలో సుమారు 80 శాతం తీపి చెరకువి, 10 నుంచి 20 శాతం రెల్లువి. కొన్నింటిలో రెండు జాతుల ముక్కలూ అతుక్కుని ఉంటాయి. ఈ చిక్కు వల్లే ఆర్570 రకం జన్యుపటం 2024 దాకా పూర్తిస్థాయిలో వెలువడలేదు.

నన్ను కలవరపెట్టేది వేరే ఉంది. ప్రపంచమంతటి చెరకు రకాలకూ మూలమైన రెల్లు మొక్కలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని మాత్రమే. దేశమంతా తిరిగి రెల్లు రకాలు సేకరించి కోయంబత్తూరు సంస్థ కాపాడుతూ వస్తున్నది అందుకే. కొత్త తెగులు వచ్చినప్పుడు తట్టుకునే జన్యువు కోసం వెతకాల్సింది వాటిలోనే.